పూర్వపక్షపు కుర్చీ

ఆచార్య వకుళ ఇంకా పూర్తిచేయని చమత్కారానికి విద్యార్థులు అప్పుడే నవ్వేశారు.

అందరూ ఒక్కసారే నవ్వి, ఒక్కసారే ఆగారు. ఆమె మాత్రం ఇంకా కథలోని కొండ దగ్గరే ఉంది. "కొండ మీద ప... ప... పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉండి తీరాలి అన్నాడు గురువు. శిష్యుడు కొండెక్కి చూసొచ్చి, నిప్పేమీ లేదు గురువుగారూ, న... నలుగురు తార్కికులు కూర్చుని చుట్టలు కాల్చుకుంటున్నారు అన్నాడు." ఆమె చివరి మాటకు చేరేసరికి తరగతి తలలు వంచుకుని తర్వాతి విషయం రాసుకుంటోంది.

పినాకినీ విశ్వవిద్యాలయంలో ఇది మామూలే. ఆచార్యుడి ముందున్న వాగ్గ్రాహి ఆయన మాటను పట్టుకుంటుంది. ఆ మాటను సమశ్రుతి అనే యంత్రం సరిదిద్దుతుంది. విద్యార్థి చెవిలోని కర్ణిక ఆ సరిదిద్దిన మాటను అదే ఆచార్యుడి గొంతుతో వినిపిస్తుంది. అందులో యాస ఉండదు, తడబాటు ఉండదు, పొరపాటు ఉండదు. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగాన్ని ఊహించగలదు గనక ఒక్కోసారి పాఠం ఆచార్యుడి కన్నా ముందే ముగుస్తుంది. ఉదయగిరి కొండల అవతల చదివే పిల్లకూ, రాజధానిలో చదివే పిల్లకూ ఒకే నాణ్యత గల పాఠం అందాలన్నది ఉన్నత విద్యా పర్యవేక్షణ మండలి ఆశయం. ఆ ఆశయంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదని వకుళ నిజాయితీగానే నమ్మింది.

నమ్మడానికి ఆమెకు సొంత కారణమూ ఉంది. సమశ్రుతి రాకముందు ఆమె నత్తిని అనుకరించడం ఈ ప్రాంగణంలో ఒక వినోదం. వెనక బెంచీల్లోంచి "ప... ప... ప్రమాణం" అని వినబడని రోజు ఉండేది కాదు. ఉద్యోగం వదిలేద్దామనుకున్న ఏడాదే కర్ణికలు వచ్చాయి. ఆ మొదటి రోజు తరగతిలో ఒక్క ముఖంలోనూ ఎగతాళి కనబడలేదు. అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి.

ఒక్క నియమం ఉంది. ఆచార్యులు కర్ణిక పెట్టుకోకూడదు. తన మాట తనకే మరో రూపంలో వినబడితే పాఠం చెప్పలేరన్నది మండలి చూపిన కారణం. అందువల్ల తాను చెప్పినది తరగతికి ఏ రూపంలో చేరుతున్నదో ఏ ఆచార్యుడికీ తెలియదు. అడిగినవారూ లేరు.

తరగతి ముగించి తన గదికి వచ్చేసరికి ఇద్దరు ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ఒకరు ఉపకులపతి శ్రీహరి రెడ్డి. రెండోవాడు ముప్పై దాటిన యువకుడు. చెవిలో అధికారుల వెండి కర్ణిక. ఆమెను చూడగానే లేచి నిలబడి వంగి నమస్కరించాడు.

"గుర్తుపట్టారా మేడమ్? పెంచల ప్రసాద్. మీ శిష్యుణ్ణి. ఇప్పుడు మండలిలో సహాయ కమిషనర్‌ని."

"ప్ర... ప్ర... ప్రసాద్. ముందు వరసలో కిటికీ పక్కన కూర్చునేవాడివి."

ప్రసాద్ ముఖం వెలిగింది. గది గోడలోనూ ఒక వాగ్గ్రాహి ఉంది గనక, ఆమె మాట ఎక్కడా ఆగినట్టు అతనికి తెలియలేదు. ప్రభుత్వ కార్యాలయాలన్నిటా కర్ణికలు వచ్చాక అధికారులు సొంత చెవులతో వినే మాటలు ఇంట్లో వినేవే. శ్రీహరి రెడ్డి మాత్రం పెదవి చివర నవ్వును మీసంలో దాచుకున్నాడు.

"రేపటి సభలో కుర్చీ వంతు మీదే వకుళమ్మా," అన్నాడాయన. "అది గుర్తుచేద్దామని వచ్చాం."

ఆ కుర్చీ ఈ విశ్వవిద్యాలయానికి ప్రత్యేకం. స్థాపకులు పెట్టిన ఆచారం అది. ఆచార్యుల సభలో ఏ తీర్మానాన్నయినా ఓటుకు పెట్టేముందు ఒకరు వేదిక కింద ఉన్న చెక్క కుర్చీలో కూర్చుని దానికి ఎదురు వాదం చెప్పాలి. తాను నమ్మినా నమ్మకపోయినా, ప్రత్యర్థి వచ్చి చెప్పుకున్నంత బలంగా చెప్పాలి. ఆ పూర్వపక్షానికి సభలో ఎవరో ఒకరు సమాధానం ఇచ్చాకే ఓటు. కూర్చున్నవారు లేచేదాకా సభ వారి మాట వినాలి. కొన్నేళ్లుగా ఈ ఆచారం అరిగిపోయింది. వంతు వచ్చినవారు కూర్చుని, "పూర్వపక్షం లేదు" అని లేచి వచ్చేస్తున్నారు.

"తీర్మానం ఏమిటో తెలుసుగా?" అన్నాడు రెడ్డి. "సమశ్రుతికి మనం ఇచ్చిన తాత్కాలిక సమ్మతి రేపటితో ముగుస్తుంది. దాన్ని శాశ్వతం చేస్తున్నాం. ఇకమీదట మళ్ళీ మళ్ళీ సమ్మతి అడిగే పని లేకుండా ఆ అధికారాన్ని మండలికే అప్పగిస్తున్నాం. సభలో మనకూ కర్ణికలు ఇస్తారు. మిగతా విశ్వవిద్యాలయాలన్నీ ఒప్పేసుకున్నాయి. మనం కాదంటే వచ్చే ఏడు ఈ భవనాలకు తాళాలే. మీరేం శ్రమ పడబాకండి. 'లేదు' అని లేచి వచ్చేయండి. ఆ ఒక్క మాటయితే నోట్లో ఇరుక్కోదు గదా!"

"మీ ఛ... ఛలోక్తులకు మాత్రం గడువు ముగియదు రెడ్డిగారూ."

ప్రసాద్ ఇద్దరినీ చూసి మర్యాదగా నవ్వాడు. ఆమె ఏదో అభినందించిందనుకున్నాడు కాబోలు. తర్వాత గొంతు కాస్త తగ్గించి అన్నాడు. "మేడమ్, ఒక్క మాట. ఈ పనిలోకి నేను రావడానికి కారణం మీరు చెప్పిన ఒక వాక్యం. 'సందేహం తీరిన చోట జ్ఞానం స్థిరపడుతుంది.' మా ఇంట్లో గోడ మీద రాయించుకున్నా. నా కూతురికి మొదట నేర్పింది కూడా అదే."

 ఆ పాఠం వకుళకు గుర్తుంది. ఆ వాక్యం మాత్రం ఆమెది కాదు. ఆమె అన్నది దానికి సరిగ్గా ఎదురు. సందేహం తీరిపోయిందని అనుకున్న చోట ఆలోచన నిద్రపోతుందని ఆమె ఏటా చెబుతుంది. ఏటా, అక్షరం మారకుండా.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఆమె కారణాలు వెతుక్కుంటూ కూర్చుంది. ప్రసాద్ మరిచిపోయి ఉండవచ్చు. మరొకరి మాటను తనకు అంటగట్టి ఉండవచ్చు. కానీ మరిచిపోయిన మాటను ఎవరూ గోడ మీద రాయించుకోరు. ఆమె లేచి వరండాలోకి వచ్చింది. పొద్దుటి తరగతిలో కూర్చున్న నఫీసా అనే అమ్మాయి అటుగా పోతూ కనబడింది. పిలిచింది.

నఫీసా బిత్తరపోతూ లోపలికి వచ్చింది. సందేహాలను కర్ణికే తీరుస్తుంది కాబట్టి ఆచార్యుల గదుల్లోకి విద్యార్థులు రావడం మానేసి చాలాకాలమైంది.

"ఇవాళ పూర్వపక్షంలో నేనేం చ... చెప్పానో చెప్పమ్మా."

"పొగను బట్టి నిప్పును తెలుసుకోవచ్చు, ఈ పద్ధతిలో లోపం లేదు అని చెప్పారు మేడమ్."

"అది సిద్ధాంతం. దానికి ముందు?"

"ముందూ అదే గదా మేడమ్. మీరు ప్రతి విషయం రెండుసార్లు చెప్తారు." ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "ఏమనుకోకండి. మేమంతా మిమ్మల్ని రెండుసార్ల మేడమ్ అంటాం. పరీక్షకి మంచిదిలే, బాగా ఎక్కుద్ది అనుకుంటాం."

వకుళ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

ప్రత్యర్థి వాదాన్ని తన వాదమే అన్నంత నమ్మకంగా చెప్పడం తర్కం బోధించేవారి పద్ధతి. "పొగను బట్టి నిప్పును ఎన్నటికీ తెలుసుకోలేం" అని ఆమె గొంతెత్తి చెబుతుంది. గట్టిగా చెప్పినకొద్దీ ఆమెకు గర్వం. సమశ్రుతికి అందులో వినబడింది ఒక పొరపాటు. పొరపాటును సరిదిద్దడమే దాని పని. పంతొమ్మిదేళ్లుగా ఏ విద్యార్థీ ఎదురు ప్రశ్న వేయకపోతే, తన వివరణ అంత స్పష్టంగా ఉందని ఆమె మురిసిపోయింది.

"నఫీసా, ఆ కర్ణిక తీయి."

"తీస్తే నోటీసు వస్తదేమో మేడమ్."

"వస్తే నా పే... పేరు చెప్పు."

ఆ పిల్ల తీసి గుప్పిట్లో పట్టుకుంది. వకుళ తన గొంతుతో ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఆ పేరులోని మొదటి అక్షరం దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. నఫీసా కళ్ళు పెద్దవయ్యాయి.

"మేడమ్, ఒంట్లో బాగలేదా? మంచినీళ్ళు తెచ్చేదా?"

"బాగానే ఉన్నా. ఇదే నా గొంతు." వకుళకు చెంపలు వేడెక్కాయి. అయినా ఆపలేదు. "పొద్దుటి కథే మళ్ళీ చెబుతా, విను. కొండ మీద పొగ కనిపిస్తోంది. కాబట్టి అక్కడ న... న..."

మాట ఇరుక్కుంది.  అలాంటి ఖాళీ ఆ పిల్లకు బొత్తిగా అలవాటు లేదు. అటూ ఇటూ చూసింది. గుప్పిట బిగించింది. ఇక ఉండబట్టలేక నోరు తెరిచింది.

"అది పొగేనని ఎట్టా తెలుసు మేడమ్? మంచేమో! మా ఊళ్ళో పొద్దున పూట కొండ మీద మంచు అచ్చం పొగ మాదిరే ఉంటది." అని, చప్పున చేత్తో నోరు మూసుకుంది. "తప్పా మేడమ్?"

 అది ప్రాచీన తార్కికులు వేసిన ఆక్షేపణే. వకుళ ఏటా పూర్వపక్షంలో చెప్పేది అదే, ఏ ఏడూ ఎవరికీ చేరనిదీ అదే. ఈ పిల్లకు అది పుస్తకంలో దొరకలేదు. తన మాట తెగినచోట, ఆ ఖాళీలో, తన ఊరి కొండను చూసి తెచ్చుకుంది.

"తప్పు కాదమ్మా. కూర్చో. దీనికి జవాబు ఏం చెబుదామో ఆలోచిద్దాం," అంది.

నఫీసా వెళ్ళేసరికి సాయంత్రమైంది. వకుళ కిటికీ దగ్గర నిలబడి తనను తాను ప్రశ్నించుకుంది. యంత్రం తన దగ్గర రెండు విషయాలను దోషాలుగా ఎంచింది. ఒకటి నత్తి, రెండోది ఎదుటివాడి మాట. మొదటిదాన్ని తీసేసినందుకు తాను దానికి మనసులో దండం పెట్టుకుంది. రెండోదాన్ని తీసేసిన సంగతే తనకు తెలియలేదు. ఇప్పుడు ఎదుటివాడి మాటను తిరిగి తెచ్చుకోవాలంటే నత్తినీ తెచ్చుకోవాలి. వెనక బెంచీల నవ్వులు, ఆ అనుకరణలు, అన్నీ తిరిగి వస్తాయి. ఈ వయసులో వాటిని భరించగలనా? భరించలేనేమో. కానీ "లేదు" అని లేచి వచ్చేస్తే, ప్రసాద్ చెప్పిన ఆ వాక్యం ఒక చిన్నపిల్ల ఇంట్లో గోడ మీద తన పేరుతో అలాగే ఉండిపోతుంది.

ఆమె గది తలుపు వేసి, రేపు చెప్పవలసిన మాటలను పైకి అనుకోవడం మొదలుపెట్టింది. ఇరుక్కున్న చోటల్లా మాటను మార్చుకోకుండా, తేలిక మాటను వెతుక్కోకుండా, అదే మాట దగ్గర నిలబడింది.

మరునాడు సభ నిండుగా ఉంది. ఆచార్యులందరికీ ఖాళీ చెవులే. కర్ణికలు వచ్చే సభ నుంచి ఇస్తారు. వేదిక మీద ఉపకులపతి పక్కన మండలి ప్రతినిధిగా ప్రసాద్ కూర్చున్నాడు. అతని చెవిలో వెండి కర్ణిక. గోడలోని వాగ్గ్రాహి అతని కోసమే పనిచేస్తోంది. తీర్మానం చదివారు. శ్రీహరి రెడ్డి అలవాటు ప్రకారం, "కుర్చీలో వారు చెప్పాలి," అంటూ అప్పుడే కాగితం తిప్పబోయాడు.

"పూర్వపక్షం ఉ... ఉ... ఉంది," అంది వకుళ.

కాగితం తిప్పే చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు రెడ్డి మెల్లగా.

"ఆచారం రెడ్డిగారూ." ఆమె సభ వైపు తిరిగింది. "స... సమశ్రుతి చెడ్డదని నేను అనడం లేదు. దాని వల్ల పల్లెల్లో పిల్లలు బాగుపడ్డారు. నా నత్తిని దాచి అది నన్నూ కాపాడింది. కానీ ఈ తీర్మానం మనల్ని అడుగుతున్నది సమ్మతి. క... కాదు అనగలిగినవాడు అవునంటేనే అది సమ్మతి అవుతుంది. నేను పంతొమ్మిదేళ్లుగా తరగతిలో పూర్వపక్షం చెబుతున్నాను. ఒక్క విద్యార్థికీ అది చేరలేదని నిన్న తెలిసింది. రేపు ఈ సభలో మనలో ఎవరు కాదన్నా, వినేవాడికి అది అవుననే వినబడుతుంది. ప్ర... ప్రభుత్వం మనల్ని అదుపులో పెట్టుకోవచ్చు. దానికి చట్టం ఉంది, నిధులు ఉన్నాయి. కానీ మన అంగీకారం కావాలంటే, మన ని... నిరాకరణను వినగలిగే చెవి దానికి ఉండాలి. ఆ చెవిని అది తానే మూసుకుంది. అందుకని ఈ తీర్మానం చెల్లదు. ఇదే నా పూర్వపక్షం."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎక్కడో ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. ఆమె చెమటతో తడిసిపోయింది. 

అప్పుడు వేదిక మీద ప్రసాద్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"ధన్యవాదాలు మేడమ్," అన్నాడు. అతని కళ్ళు చెమర్చి ఉన్నాయి. "ఈ తీర్మానానికి ఇంత చక్కని సమర్థన నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ వినలేదు."

 వెనక వరసలోంచి ఎవరో, "ఏం విన్నాడయ్యా ఈయన?" అన్నారు.

వకుళ కూడా దీన్ని ఊహించలేదు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. "ప్రసాద్, నేనేం చెప్పానో ఒకసారి సభకు చెప్పు."

"సమ్మతి అంటే స్థిరపడిన జ్ఞానం అన్నారు మేడమ్. సమశ్రుతి వల్ల సభలో విభేదాలు తొలగిపోతాయన్నారు. ముఖ్యమని రెండుసార్లు చెప్పారు." అతను సభను చూశాడు. ఒక్క ముఖంలోనూ తాను ఎదురుచూసినది లేదు. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే మెల్లగా కిందికి జారాయి.

"కర్ణిక తీయి."

"విధుల్లో తీయకూడదు మేడమ్."

"వకుళమ్మా, ఆయన మన అతిథి," అన్నాడు రెడ్డి.

"అ... అతిథికే చెబుతున్నా. నేను ఈ కుర్చీలో ఉన్నంతసేపు సభ నా మాట వినాలి. ఆ నియమాన్ని మీ మండలి ఇంకా రద్దు చేయలేదు. ప్రసాద్, నువ్వు నా దగ్గర మూడేళ్లు చదివావు. నా గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు విను."

ప్రసాద్ చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగింది. తర్వాత కర్ణికను తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె ఒక్క వాక్యమే మళ్ళీ చెప్పింది. "క... క... కాదు అనగలిగినవాడు అవునంటేనే అది సమ్మతి అవుతుంది."

అతను ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. ఆ మాట తడబడిన ప్రతిసారీ అతని ముఖం కూడా కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. చివరికి చాలా నెమ్మదిగా, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"మిగతా సభలన్నిటికీ నేనే వెళ్ళాను. అన్నిచోట్లా ఏకగ్రీవం అని నేనే నివేదిక రాశాను. నా చెవులతో విన్నాను." బల్ల మీది కర్ణికను చూశాడు. "వాళ్ళు ఏమన్నారు?"

 రాజధానిలో కూర్చుని ఈ నివేదికలు చదివిన పెద్దల దగ్గర కూడా ఆ ప్రశ్నకు జవాబు ఉండదని అందరికీ ఆ క్షణంలో అర్థమైంది. వాళ్ళ చెవుల్లోనూ కర్ణికలే.

శ్రీహరి రెడ్డి గొంతు సవరించుకున్నాడు. "పూర్వపక్షానికి సభ నుంచి ఎవరైనా సమాధానం చెబుతారా?" ఆచార్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాదానికి వాదంతో బదులు చెప్పి వాళ్ళకు ఎన్నో ఏళ్లయింది. "పోనీ, మండలి తరఫున?"

ప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

సమాధానం లేనిదే ఓటు లేదు. ఓటు లేనిదే తీర్మానం లేదు. పాత సమ్మతి ఆ పొద్దుతో ముగిసిపోయింది. రెడ్డి చాలాసేపు తన కాగితాలు సర్దుకుని, సమాధానం దొరికేదాకా సభను వాయిదా వేస్తున్నానని ప్రకటించాడు. పోతూ పోతూ కుర్చీ దగ్గర ఆగాడు. "ఏం చేశావమ్మా వకుళా! వాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. మెచ్చుకోలు లాంటిది ఇంకేదో కూడా ఉంది. దాన్ని ఆమె ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఊరుకోరు," అంది వకుళ. "వచ్చి జవాబు చె... చెప్పమనండి. వింటాం."

మెట్ల దగ్గర ప్రసాద్ నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ణిక ఉంది. చెవి ఖాళీగా ఉంది.

"ఆ వాక్యం మీది కాదు కదా మేడమ్."

"కాదు."

"నా జీవితమంతా దాని మీద కట్టుకున్నాను. మరి నేను ఎవరి శిష్యుణ్ణి?"

ఓదార్చడానికి ఆమెకు చాలా మాటలు తోచాయి. ఏదీ నిజం కాదనిపించింది. "నాకూ తె... తెలీదు ప్రసాద్. రేపు పొద్దున తరగతి ఉంది. వచ్చి కూర్చో."

మరునాడు తరగతిలో కర్ణికలు మూగబోయాయి. వాగ్గ్రాహి దీపం ఆరిపోయి ఉంది. పిల్లలు అలవాటు చొప్పున చెవులు తడుముకుంటూ, మొదటిసారిగా ఆచార్యుల ముఖం వైపు చూశారు. నఫీసా ముందు వరసలో ఉంది. వెనక బెంచీలో, చదువుకునే రోజుల్లో ఎన్నడూ కూర్చోని చోట, ప్రసాద్ కూర్చున్నాడు.

వకుళ కొండ కథ మొదలుపెట్టింది. పొగ దగ్గర ఒకసారి ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆమెకు తగిలింది. తగలనిచ్చింది, కథ మాత్రం వదలలేదు. శిష్యుడు కొండెక్కాడు, దిగి వచ్చాడు. "నిప్పేమీ లేదు గురువుగారూ, న... న... న..."

 ఆ తర్వాతి మాట ప్రసాద్‌కు తెలుసు. ఏనాడో, ఆమె నోరు తెరవకముందే విని నవ్వాడు. ఇప్పుడు అందివ్వలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, ఆమె వైపే చూస్తూ కాచుకున్నాడు.

"నలుగురు తార్కికులు," అంది వకుళ, "కూర్చుని చుట్టలు కాల్చుకుంటున్నారు."

 ముందు కిటికీ పక్కన ఒకరు నవ్వారు. నఫీసా నవ్వింది. అర్థం చేసుకుని మరొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు. ఒక్కొక్కరిదీ ఒక్కో గొంతుతో, ఒకదాని వెనక ఒకటిగా, నవ్వు చాలాసేపు సాగింది. అది పూర్తిగా ఆగకముందే ఒక చెయ్యి పైకి లేచింది.

"అయితే మేడమ్, ఆ చుట్టలకు నిప్పెక్కడిది?"